రైలువారి జేబుగడియారములు

మన పాఠకులలో సిడ్నీ నగరమున చుట్టములు లేని కుటుంబము అరుదు. 1987లో మన దీవులలో జరిగిన సైనిక తిరుగుబాట్ల పిమ్మట ఇల్లు వాకిలి అమ్ముకొని అచటికి తరలిపోయినవారు వేలకొలది కలరు. వారిలో బడిపంతుళ్లు కలరు, గుమాస్తాలు కలరు, చెరకు రైతులు కలరు. రైలువారు కూడ కొందరు కలరనియు, వారు నెలకొకతూరి కూడి తమ పాత జేబుగడియారములను ముందుంచుకొని ముచ్చటించుకొందురనియు మేము గత జ్యేష్ఠమాసమున ఒక పెండ్లికై అచటికి పోయినప్పుడు గాని తెలిసికొనలేదు.

పెండ్లి ముగిసిన మరునాడు హెలెన్స్‌బర్గు వేంకటేశ్వరస్వామి దర్శనమునకు బయలుదేరితిమి. సిడ్నీకి దక్షిణమున సుమారు 45 కిలోమీటర్ల దూరమున, అడవికొండల నడుమ, ఒకప్పుడు బొగ్గుగనులచే పెరిగిన చిన్న యూరది. దేవాలయమునకు 1985లో కుంభాభిషేకము జరిగినది. కారులు పెరిగిన యీ దినములలో రైలులో పోవు భక్తులు తక్కువ. మాకు మాత్రము రైలే ప్రీతి. ఆ మార్గమునకు ఒక కథ కలదు. 1880లలో అచట వేసినది ఒంటి లైను. ఎక్కుడు సొరంగములలో ఆవిరియింజను పొగ నిలిచిపోయి డ్రైవరులు, ఫైర్‌మన్‌లు ఊపిరాడక తల్లడిల్లెడివారట. అందుచే 1915 ప్రాంతమున జంటలైనుల క్రొత్త మార్గము వేసి, పాత సొరంగములను విడిచిపెట్టిరి. ఇప్పుడు వానిలో ఒకదాని తేమగోడలపై రాత్రివేళ నీలికాంతినిచ్చు పురుగులు వెలుగుచుండును. పొగచే మనుష్యులు అల్లాడిన చోట పురుగులు దీపములు పెట్టుకొన్నవి.

దర్శనమైన పిదప భోజనశాలలో ఒక మూల బల్లయొద్ద ముగ్గురు వృద్ధులు కూర్చుండిరి. బల్లపై తెల్లని చేతిరుమాలు పరచి యుండెను. రుమాలుపై మూడు జేబుగడియారములు. మేము దోసెలు పట్టుకొని చోటు వెదకికొనుచుండగా వారిలో ఒకరు “రండి మాస్టారూ, ఇటు కూర్చోండి, జాగ్రత్త, సాంబారు గడియారం మీద పడనీయకండి” అని పిలిచిరి. ఆ పిలుపుతో మా మధ్యాహ్నము అంతయు అచటనే గడచినది.

మొట్టమొదట మమ్ము ఆశ్చర్యపరచినది యేమన, మూడు గడియారములును మూడు కాలములను చూపుచుండుటయే. ఒకదానిలో పగలు ఒంటిగంట. అది సిడ్నీ కాలము. రెండవదానిలో ఎనిమిదిన్నర. మూడవది నాలుగు గంటల పది నిమిషములకడ ఆగిపోయి యున్నది. ఎనిమిదిన్నర గడియారము గలవారు బెజవాడ వారు. దక్షిణమధ్య రైల్వేలో ముప్పదియారు సంవత్సరములు పనిచేసి, ఆవిరియింజనుపై బొగ్గు వేయుటతో మొదలుపెట్టి విద్యుత్తు ఇంజను నడిపి విరమించినవారు. కుమారుని యొద్ద నుండుటకై వచ్చి పండ్రెండేండ్లయినది. తన వెస్ట్ ఎండ్ గడియారమును మాత్రము నేటికిని భారతకాలమునుండి కదల్చలేదు.

కారణ మడిగితిమి. “మాకు రోజూ సాయంత్రం నాలుగు గంటలకి టైము వచ్చేది మాస్టారూ. కంట్రోలు నుంచి స్టేషన్లన్నిటికీ ఒక్కసారి కొట్టేవాళ్లు. స్టేషను మాస్టరు తన గోడగడియారం సరిచేసేవాడు, ఆ గోడగడియారం చూసి మేం సరిచేసుకునేవాళ్లం. ఇప్పటికీ నాలుగు కాగానే చెయ్యి జేబులోకి పోతుంది” అని వారు చెప్పిరి. ఆ నియమము భారత రైల్వేల సాధారణ నియమావళిలోనిదే. ప్రతిదినము 16 గంటలకు ప్రామాణిక కాలమును ముఖ్య స్టేషనుల కందజేయవలెనని అందున్నది. బెజవాడలో సాయంకాలము నాలుగు కొట్టునప్పుడు సిడ్నీలో, శీతకాలమున, రాత్రి ఎనిమిదిన్నర. ఆ సమయమునకే వారి కోడలు భోజనము వడ్డించుననియు, మామగారు గడియారము చేతబట్టి లేచి నిలుచునంతవరకు పిల్లలు కంచములయొద్దకు రారనియు నవ్వుచు చెప్పిరి.

కాలమన్నది ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కటిగా నుండుటయే పూర్వపు ధర్మము. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మధ్యాహ్నము. తూరుపు ఊరికి ముందు, పడమటి ఊరికి వెనుక. ఎద్దుబండికి ఇందువలన ఇబ్బంది లేదు. రైలుబండి వచ్చిన పిమ్మట ఊరికొక కాలము పొసగలేదు. భారతదేశమున రైల్వేలు చాలకాలము మద్రాసు కాలమును పాటించినవి. 1792లో మద్రాసున స్థాపింపబడిన నక్షత్రశాల లెక్క ప్రకారము అది గ్రీనిచ్చి కాలముకన్న సుమారు 5 గంటల 21 నిమిషములు ముందు. 1906 జనవరి 1వ తేదీన భారత ప్రామాణిక కాలము వచ్చి దానిని ఐదున్నర గంటలు చేసెను. 1903 మొదలు మద్రాసు రేవునుండి మన దీవులకు ఓడ యెక్కిన మన తాతలలో, విశాఖపట్టణము వైపునుండి రైలులో మద్రాసు చేరినవారు గోదావరిపై 1900లో పూర్తియైన పెద్ద వంతెనను దాటినప్పుడు తొలి యేండ్లలో వారి బండి నడచినది ఆ మద్రాసు కాలముతోనే. ఆస్ట్రేలియాలోను ఇట్టిదే. అచటి వలసరాజ్యములు 1895లో గాని మండలకాలములకు ఒప్పుకొనలేదు. కాలమునకు ఒప్పుకొన్నను పట్టాల వెడల్పునకు ఒప్పుకొనలేదు. విక్టోరియాలో ఐదడుగుల మూడంగుళములు, న్యూ సౌత్ వేల్సులో నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళములు, క్వీన్స్‌లండులో మూడడుగుల ఆరంగుళములు! సిడ్నీనుండి మెల్బోర్ను పోవువారు సరిహద్దులోని ఆల్బరీయందు బండి దిగి వేరొక బండి యెక్కవలసిన దుస్థితి 1962 వరకు నుండెను. ఒక్క దేశపు అన్నదమ్ములే ఒక పట్టాకు సమ్మతింపలేకపోయిరి. మన సంఘములలోని కీచులాటలను తలచుకొని మేము కొంత ఊరట చెందితిమి.

ఒంటిగంట చూపుచున్న గడియారము బా ప్రాంతమున పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషిది. 1987లో కుటుంబముతో సిడ్నీ చేరి, మరుసటి యేడు అచటి రైల్వేలో గార్డుగా ప్రవేశించిరి. సిడ్నీ పట్టణపు బండ్లలో డ్రైవరు ముందుండును, గార్డు వెనుక నుండును. తలుపులు మూసి, వేదికను చూచి, గంట యిచ్చువాడు గార్డే. ఆయన చేతిలోనిది అమెరికాలోని వాల్థాం ఊర తయారైన వాల్థాం గడియారము. వెనుక మూతపై న్యూ సౌత్ వేల్సు ప్రభుత్వ రైల్వే అను అర్థమిచ్చు అక్షరములు చెక్కబడి యున్నవి. ఆ పేరుతో నున్న శాఖ 1972లోనే మారిపోయినది. గడియారములు చేసిన కంపెనీ 1957లోనే ఆ పని మానినది. మరి 1988లో చేరినవారికి ఇదెట్లు వచ్చెను?

తనకు పని నేర్పిన ఒక వృద్ధ ఆస్ట్రేలియను గార్డు ఇచ్చెనని వారు చెప్పిరి. ఆయన తండ్రియు గార్డే. శాఖవారి గడియారము ఆ యింట ఎట్లు నిలిచిపోయినదో ఆయన చెప్పలేదట, వీరును అడుగలేదట. మేము కూడ అడుగకుండుటయే మేలనుకొంటిమి. ఆయనకు పిల్లలు లేరు. విరమించిన దినమున సెంట్రలు స్టేషనులో వీరిని ప్రక్కకు పిలిచి, గొలుసుతో సహా చేతిలో పెట్టి, “రోజూ కీ ఇయ్యి” అన్న ఒక్క మాట చెప్పి వెడలిపోయెను. పై గోపురపు గడియారమును చూచి ముల్లు సరిచేసికొంటినని వీరు చెప్పిరి. ఆ గోపురగడియారము 1921లో నడక మొదలిడినది. నాలుగు వైపులను ముఖములున్నవి. చేతిగడియారము కొనలేని కూలివారు దానిని చూచి పనికి పోయెడివారు గనుక దానికి ‘పనివాని గడియారము’ అని పేరు వచ్చెను.

ఆ పేరు వినగానే మూడవ వృద్ధుడు, అంతవరకు మాటాడనివారు, తల యెత్తిరి. “మావాళ్లకి అదీ లేదు” అనిరి.

ఈయన లౌటోకా వారు. వయస్సు ఎనుబది యేడు. 1956లో మిల్లు ఇంజనుషెడ్డులో తుడుపుపనికి చేరి, కొన్నేండ్లకు చెరకుబండి డ్రైవరై, 2000 తరువాత కుమారుని వెంట సిడ్నీ వచ్చినవారు. ఆగిపోయిన గడియారము ఈయనదే. ఆయన అన్న ఆ ఒక్క మాటను గూర్చి కొంత వివరింపవలసి యున్నది, ఏలన మన యువకులకు గిర్మిట్ అన్న మాట తెలియునుగాని అందలి షరతులు తెలియవు. 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా జనులు ఆ ఒడంబడికపై మన దీవులకు వచ్చిరి. అందు కాలమును గూర్చి వ్రాసినది ఇది: వారమున ఐదు దినములు తొమ్మిదేసి గంటలు, శనివారము ఐదు గంటలు పని. పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. కొలతపని యిచ్చినచో, దేహదారుఢ్యము గల పురుషుడు ఆరు గంటలు నిలకడగా పాటుపడి చేయదగినంత పని ఒక టాస్కు. స్త్రీకి అందు నాలుగింట మూడు వంతులు. కాగితము మీద న్యాయముగనే కనబడును. కాని ఆ ఆరు గంటలను కొలిచినదెవరు? గడియారము కులంబరు జేబులో నుండెను. టాస్కు ఎంత యని నిర్ణయించువాడును అతడే. గొలుసు మాత్రమే మనవారికి కనబడెడిది. టాస్కు ముగియనినాడు కూలి తెగెడిది. ఆరు గంటల పని యని వ్రాసినదానిని చీకటిపడువరకు చేసినవారు ఎందరో. 1920 జనవరి 1న గిర్మిట్ రద్దైనది. గడియారము మాత్రము ఇంకను చాలకాలము మిల్లు కూతలోనే యుండెను.

వృద్ధుని తండ్రి గిర్మిట్‌లో వచ్చినవారు. ఒకనాడు పొలములో కులంబరును “దొరా, ఎంతయింది?” అని యడిగెనట. ఆయన కావలసినది ఎండ యింకెంతసేపన్నదే. బదులుగా వచ్చినది బెత్తపు దెబ్బ. ఆ ముసలాయన బ్రతికినన్నాళ్లు ఎవరిని కాలము అడుగలేదు. కుమారుడు ఇంజనుపై పని సంపాదించి, మొదటి సీజను ముగియగానే లౌటోకాలో గుజరాతీ దుకాణమున ఈ స్విస్సు గడియారము కొని తండ్రి చేతిలో పెట్టెను. తండ్రికి అంకెలు రావు. అయినను చెవిదగ్గర పెట్టుకొని చాలసేపు వినెనట. తరువాత తిరిగి యిచ్చి, “నీ దగ్గరే ఉంచు. ఎవరడిగినా చెప్పు” అనెనట. తాను డ్రైవరుగా నున్నంతకాలము పొలములో కోతవాండ్రు ఎవరు కేకవేసి యడిగినను ఇంజను చప్పుడులో గొంతెత్తి కాలము చెప్పుచు పోయితినని ఆయన చెప్పిరి. మేము వ్రాసికొనుట ఆపి కొంతసేపు ఊరకుంటిమి.

చెరకు రైలును ఆటవస్తువని నవ్వువారు కలరు. రెండడుగుల పట్టాయే గదా! కాని కోసిన చెరకు ఒక దినము దాటి నిలిచిన కొలదియు తీపి తరుగును. పొలములో పోర్టబుల్ లైను వేసి, లారీలనెడు పట్టాల బండ్లపై చెరకెత్తి, ఎద్దులతో పెద్దలైను వరకు లాగించి, అచటనుండి ఇంజనుతో మిల్లు చేర్చువరకు అడుగడుగునను కాలముతోనే పోరాటము. ఒంటి లైనుపై ఎదురెదురుగా వచ్చు బండ్లు తప్పుకొనుటకు నియమిత స్థలములు కలవు. ఒకడు ఆగవలెను, ఒకడు పోవలెను. ఆ నిర్ణయము జేబులోని ముల్లుపై ఆధారపడి యుండెడిది.

ఒక తెల్లవారుజామున ఏమి జరిగినదో ఆయన చెప్పిరి. ముందురాత్రి మారియమ్మ ఉత్సవము. నిప్పుల గుండము త్రొక్కుట చూచి, తప్పెట్ల వెంట తిరిగి, గడియారమునకు కీ ఇచ్చుట మరచిరి. వేకువన షెడ్డులో అది నడచుచునే యుండెను గాని ఓపిక సన్నగిలి వెనుకబడి యున్నది. తప్పుకొను స్థలమున ఆగవలసినవారు, ఇంకను వ్యవధి యున్నదని బయలుదేరిరి. చెరకుతోటమీదుగా ఎదుటి ఇంజను పొగ పైకిలేచుట మొదట చూచినది ఫైర్‌మన్. రెండు ఇంజనులును ఆగినప్పుడు నడుమ నున్న దూరము “మన గుడి ధ్వజస్తంభం నుంచి గేటంత” అని చూపిరి. తప్పు తనదేయని ఆయన దాచలేదు. “అమ్మవారు కాపాడింది అన్నారంతా. మా నాన్న మాత్రం, అమ్మవారు కాపాడుతుందిరా, కీ మాత్రం నువ్వే ఇవ్వాలి అన్నాడు.” ఆనాటినుండి ప్రతి సాయంకాలము ఇంట దీపము పెట్టువేళ గడియారమునకు కీ ఇచ్చుట వ్రతముగా పెట్టుకొనిరట.

ఇట్టిది పెద్ద రైల్వేలలో జరిగి ప్రాణములు పోయిన సందర్భములు కలవు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున కిప్టన్ అను చోట 1891 ఏప్రిలులో రెండు బండ్లు ఢీకొన్నవి. ఒక డ్రైవరు గడియారము నాలుగు నిమిషములు ఆగి మరల నడచినదని చెప్పుదురు. దానిపై వెబ్ బాల్ అను గడియారపు వర్తకుని పరీక్షాధికారిగా నియమించి, రైలు గడియారమునకు లక్షణములు నిర్ణయించిరి. కనీసము 17 రాళ్లు. ఐదు భంగిమలలో పరీక్షింపబడి యుండవలెను. అంకెలు లావుగా స్పష్టముగా నుండవలెను. వారమునకు 30 సెకండ్లకు మించి తేడా రారాదు. వారమునకు 6,04,800 సెకండ్లు. అనగా ఇరువది వేలలో ఒక పాలుకన్న తక్కువ తప్పు! గంటకు అరువది మైళ్ల వేగముతో పోవు బండి ఆ 30 సెకండ్లలో అరమైలు పోవును. ముల్లు త్రిప్పుటకును ఒక కట్టడి పెట్టిరి. మామూలు గడియారమున కీ బుడిపెను పైకి లాగిన చాలు, ముల్లు తిరుగును. జేబులో పొరబాటున లాగినను తిరుగును. అందుచే రైలు గడియారమున ముందుమూత తీసి, అంచున దాగియున్న చిన్న మీటను బయటకు లాగినగాని ముల్లు కదలకుండునట్లు చేసిరి. కాలము మార్చుట సులభము కారాదన్నమాట. బెజవాడవారు ఇది విని, తమ ఒంటి లైనులపై గడియారమునే నమ్ముకొనలేదనియు, స్టేషను యంత్రమునుండి ఊడివచ్చు గోళము చేతికందినగాని బండి కదలరాదనియు, పేముబెత్తపు వలయమునకు కట్టిన ఆ గోళపు సంచిని నడచుచున్న ఇంజనుమీదనుండి చేయిచాచి అందుకొనుటలో మోచేయి వాచెడిదనియు చొక్కా చేయి పైకెత్తి చూపిరి. వాపు లేదు గాని మచ్చ యున్నది.

లౌటోకావారు ఒకతూరి క్వీన్స్‌లండు పోయి అచటి చెరకు రైళ్లను చూచి వచ్చిరట. నేటికిని సుమారు నాలుగు వేల కిలోమీటర్ల రెండడుగుల పట్టా అచట చెరకు మోయుచున్నది. జూను మొదలు సంవత్సరాంతము వరకు రాత్రింబగళ్లు. మన లైనులలో నడచినట్టి ఇంజనులనే అచటి తోటలలోను కంపెనీ నడపినది. సీ.ఎస్.ఆర్. కంపెనీ 1855లో సిడ్నీలో పుట్టినది. న్యూ సౌత్ వేల్సులో మొదటి రైలు సిడ్నీనుండి పర్రమట్టకు నడచినదియు ఆ సంవత్సరమే. కంపెనీ మన దీవులను విడిచినది 1973లో. ఆస్ట్రేలియా తెల్లవారికే యను వలసనీతిని విడిచినదియు 1973లోనే. అంతవరకు మన వారు ఆ కంపెనీకై చెరకు కోయవచ్చును, దాని ఇంజను నడుపవచ్చును. దాని ప్రధాన కార్యాలయమున్న ఊర కాపురముండుట మాత్రము కుదరదు. క్వీన్స్‌లండు తోటలకు 1863 మొదలు 1904 వరకు పసిఫికు దీవులనుండి తెచ్చిన అరువది వేలమందిలో మిక్కిలి మందిని, 1901 చట్టముల పిమ్మట, 1906 మొదలు ఓడలెక్కించి వెనుకకు పంపిరి. “వాళ్లకి ఉండనివ్వలేదు, మాకు రానివ్వలేదు” అని వృద్ధుడు అనిరి. ఆయన గొంతులో కోపము లేదు. లెక్క చెప్పినట్లే చెప్పిరి.

సంభాషణ ఎల్లప్పుడు ఇంత బరువుగా నడచినదని పాఠకులు అనుకొనరాదు. లౌటోకానుండి ఒకవైపు బాకు, ఒకవైపు సింగటోకాకు పోవుచుండిన ఉచిత ప్రయాణపుబండి మాట వచ్చినప్పుడు ముగ్గురును పడిపడి నవ్విరి. టిక్కెట్టు లేని బండియని బెజవాడవారు నమ్మలేదు. “టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్లని చూశాను గాని, టిక్కెట్టే లేని బండిని చూడలేదు” అనిరి.

భోజనశాల ఖాళీ యగుచుండగా లౌటోకావారు తమ గడియారమును రుమాలులో చుట్టి మా ముందుంచిరి. లోని స్ప్రింగు తెగి పదునైదేండ్లయినది. కుమారునికి దానియందు ఆసక్తి లేదు. “మీరు తీసుకెళ్లి మన గుడి అలమరలో పెట్టండి. అక్కడి వాళ్లకి తెలుస్తుంది ఇదేంటో” అని కోరిరి. మేము చేయి చాచితిమి, మరల వెనుకకు తీసికొంటిమి. నిజము చెప్పవలెనన్న, మన అలమరలో ఇప్పటికే పేరు వ్రాయని వస్తువులు చాల ఉన్నవి. ఎవరి కంచమో, ఎవరి తప్పెటయో, ఎవరు కొడవలి పట్టిరో చెప్పగలవారు ఒక్కొక్కరే వెడలిపోయిరి. కథ వ్రాయనిదే వస్తువును దీసికొనుట మాకు ఇష్టము లేకపోయినది. అదియుగాక ఈ గడియారము చెవిదగ్గర పెట్టుకొని వినబడినది. అద్దపు తలుపు వెనుక ఉంచిన దానిని ఎవరు విందురు? అట్లని నిరాకరించుటయు కష్టముగనే తోచెను. ఎనుబది యేడేండ్ల పెద్దమనిషి రుమాలు ముందుకు జరిపి కూర్చున్నారు.

అప్పుడే ఆయన మనుమరాలు కారుతో తీసికొనిపోవుటకు వచ్చెను. ఒక ఆసుపత్రిలో నర్సు. పనినుండి నేరుగా వచ్చినది. ఆమె రొమ్ముపై ఒక చిన్న గడియారము తలక్రిందుగా వ్రేలాడుచుండుట మేము గమనించితిమి. ఆస్ట్రేలియాలో నర్సులు పలువురు మణికట్టుకు గడియారము కట్టరు. చేతులు మాటిమాటికి కడుగవలెను గదా. వంచి చూచుకొన్నప్పుడు సరిగా కనబడునట్లు దానిని తలక్రిందుగా తగిలించుకొందురు. నాడిని చూచునది సెకండ్ల ముల్లుతోనే. గార్డుగారు దానిని చూపి “నీదే అసలైన రైలు గడియారం అమ్మా” అని పరిహసించిరి. ఆమె రుమాలు విప్పి, “తాతా, ఇది ఎవరికిస్తున్నావు?” అని యడిగెను. తెలుగు తడబడుచునే వచ్చినది గాని ప్రశ్న స్పష్టముగనే యుండెను. తాత మా వంక చూచిరి. మేము ఆమె వంక చూచితిమి.

ఆమెకు తెలుగు చదువ రాదు. ముత్తాత దెబ్బ తిన్న కథ ఆనాటివరకు వినలేదు. తాతగారు మరల మొదటినుండి చెప్పిరి. ఆమె తన ఫోనులో ఆ గొంతును పట్టుకొనెను. మాకు చెప్పినప్పటికన్న ఆమెకు చెప్పినప్పుడు కథ చాల చిన్నదైనది, కొన్ని మాటలు ఇంగ్లీషులోనికి జారినవి. అయినను దెబ్బయు, చెవిదగ్గర పెట్టుకొని వినుటయు విడువలేదు.

ఇట్టి గడియారములు మన దీవులలోని ఇండ్లలోను పెట్టెల అడుగున ఉండియే యుండును. ఉన్నవారికి గార్డుగారు చెప్పిన కొన్ని మాటలు. చాలకాలము ఊరకున్న గడియారమునకు ఒక్కసారిగా కీ ఇయ్యరాదు. నూనె ఎండి జిగురై యుండును, మొదట శుభ్రము చేయింపవలెను. మూతను కూరగాయల కత్తితో తెరువరాదు. చీకటిలో వెలుగు పాత ముళ్లకును అంకెలకును రేడియము పూసి యుండవచ్చును; వెలుగు పోయినను దాని విషము పోదు గనుక గీకరాదు, పిల్లల చేతికి ఈయరాదు. వెనుక మూత లోపలివైపు బాగుచేసిన పనివాండ్రు సూదితో గీచిన గురుతులుండును, అవి చెరపవద్దు. వాల్థాం వంటి వానిలో యంత్రముపై నున్న సంఖ్యను బట్టి ఏ యేట తయారైనదో తెలిసికొనవచ్చును. వీనికి తోడు మాదొక మనవి: కొన్నవారి పేరు, వారి ఊరు, చేసిన పని ఒక కాగితముపై తెలుగులోనో, వచ్చిన భాషలోనో వ్రాసి దానితోనే చుట్టి పెట్టుడు. మా చిరునామాకు ఒక ప్రతి పంపినచో ఈ పుటలో అచ్చువేయుదుము.

మేము తిరిగివచ్చిన రెండు మాసములకు గార్డుగారి జాబు వచ్చెను. లౌటోకా గడియారమునకు సిడ్నీలో ఒక వృద్ధ పనివాడు క్రొత్త స్ప్రింగు వేసెననియు, దినమునకు రెండు నిమిషములు ముందు నడచుచున్నదనియు, మనుమరాలు దానిని మన దీవుల కాలమునకు పెట్టుకొన్నదనియు వ్రాసిరి. తాతగారు ప్రతిదినము దీపము పెట్టువేళ ఫోను చేసి కీ ఇచ్చితివా యని యడుగుచున్నారట. రాత్రి డ్యూటీ దినములలో ఆమె ఇంటికి చేరిన తరువాత, ఉదయము ఎనిమిది గంటలకు ఇచ్చుచున్నది. ఆ మార్పునకు ఆయన మొదట ఒప్పుకొనలేదు. వారము దినములు వాదించి, తుదకు ఒప్పుకొనిరి.